తుమ్ము కూడా తమ్ముడిదే

మొమొసె కునియో ఒకప్పుడు కొత్తవాళ్ళెవరు పరిచయమైనా, పేరు చెప్పిన వెంటనే "నాది 'ఏ' గ్రూపు నెత్తురు" అనేవాడు. ఇప్పుడు అనడు. అంటే అబద్ధమవుతుంది.

మన దగ్గర నక్షత్రం అడిగినంత తేలిగ్గా మత్సుమొతోలో నెత్తురు గ్రూపు అడుగుతారు. 'ఏ' గ్రూపువాడు పద్ధతైన మనిషి. ఓ గ్రూపువాడికి చెయ్యి పెద్దది. ఏబీవాడు ఏ పూట ఎలా ఉంటాడో వాడికే తెలియదు. ఇక బి గ్రూపువాడు తన ఇష్టమొచ్చినట్టు తప్ప నడవడు. దీనికంతటికీ రుజువేమిటని అక్కడ ఎవరూ అడగరు. పొరపాటున అడిగితే, కునియో తన తమ్ముణ్ణి రుజువుగా చూపించేవాడు.

కోట కందకానికి కాస్త ఇవతల, తాతల నాటి సోబా కొట్టు కునియోది. సోబా గింజ దంచిన బూడిదరంగు పిండిని నీళ్ళతో కలిపి, పిసికి, పల్చగా ఒత్తి, సన్నటి తీగలుగా కోసి ఉడికించి పెట్టడమే ఆ కొట్టు పని. పిండి గదికి వీధివైపు అద్దం పెట్టించాడు. పొద్దున్నే పనులకి వెళ్ళేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. వాళ్ళు చూస్తున్నారని తెలిసీ తెలియనట్టు, తల కూడా ఎత్తకుండా పిండి పిసికేవాడు. "ఆ అద్దం శుభ్రత కోసం కాదండీ, నా అందం కోసం పెట్టించుకున్నాను" అని ఇప్పుడు తనే చెప్పి నవ్విస్తాడు. అప్పట్లో మాత్రం శుభ్రత కోసమనే చెప్పేవాడు. ఎవరైనా బూట్లు వంకరగా విడిచి లోపలికి వస్తే, వెళ్ళి సర్దేదాకా అతనికి ఊపిరాడేది కాదు.

తమ్ముడు తొషిమిది బి గ్రూపు. ఒకే తల్లి కడుపున పుట్టి ఇదేం తేడా అని కునియో చిన్నప్పటి నుంచీ వాపోయేవాడు. తండ్రి పిండి బస్తా విప్పితే చాలు, తొషిమి తుమ్ములు మొదలుపెట్టేవాడు. కళ్ళు ఎర్రబడేవి, ముక్కు కారేది, కాసేపటికి పిల్లవాడు వెనక గుమ్మంలోంచి మాయమయ్యేవాడు. బయట మంచు పడుతున్నా సరే. "బి గ్రూపు వేషాలు" అనేవాడు తండ్రి. వెళ్ళి పట్టుకురమ్మని పెద్దవాణ్ణి పంపేవాడు. కునియో వెళ్ళి చెవి పట్టుకుని లాక్కొచ్చేవాడు. ఆ పని చాలా పద్ధతిగా చేసేవాడు.

తొషిమి పెద్దవాడై ఇల్లు వదిలాడు. పోయి పోయి పక్క ఊరు షియోజిరిలో ఉదోన్ కొట్టు పెట్టాడు. ఉదోన్ అంటే గోధుమపిండితో చేసే లావుపాటి తెల్ల తీగలు. సోబాకి పేరుపడ్డ ఆ జిల్లాలో, సోబా చేసే ఇంట్లో పుట్టినవాడు ఉదోన్ అమ్మడమంటే, ఆవకాయ పెట్టే ఇంట్లో పుట్టి పక్క వీధిలో జామ్ సీసాలు అమ్మినట్టు. "పళ్ళు రాలినవాళ్ళ తిండి" అన్నాడు కునియో, తండ్రి సంవత్సరీకం రోజున, అందరి ముందూ. తొషిమి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తరువాత కొత్త సంవత్సరానికి ఒక కార్డు ఇటు నుంచి అటు, ఒకటి అటు నుంచి ఇటు. రెండూ ఆడవాళ్ళు రాసినవే.

అరవై దాటాక కునియోకి పిండి పిసుకుతుంటే ఆయాసం రావడం మొదలైంది. ఎక్కడ తగిలినా ఒళ్ళు కమిలిపోయేది. పెద్దాసుపత్రిలో డాక్టర్ మియాసక అనే చిన్నవయసు ఆవిడ పరీక్షలన్నీ చేసి, దాచకుండా చెప్పింది.

"మొమొసె గారూ, రక్తం తయారయ్యేది ఎముకల్లోపలి మూలుగలో. మీ మూలుగ కొట్టు కట్టేసే పనిలో ఉంది. వంటవాళ్ళు పని మానేశారు, ఉన్న ఒకరిద్దరూ చెడ్డ సరుకు వండుతున్నారు."

"వాళ్ళని మార్చలేమా?"

"మార్చొచ్చు. పాతవాళ్ళని మందులతో పూర్తిగా పంపించేసి, ఇంకొకరి మూలకణాలు మీలోకి ఎక్కించాలి. మూలకణమంటే ఇంకా ఏ పనికీ కుదురుకోని పచ్చి కణం. అదే ఎర్రకణమవుతుంది, అదే తెల్లకణమవుతుంది, తనలాంటి వాటిని ఇంకొన్నిటిని పుట్టిస్తుంది. సరిపడే మనిషి దొరకాలి. తోడబుట్టినవాళ్ళున్నారా?"

కునియో కిటికీ వైపు చూశాడు. "ఒకడున్నాడు. కానీ వాడు పనికిరాడమ్మా. వాడిది బి గ్రూపు."

గ్రూపు కలవక్కర్లేదని, చూసే పొంతన వేరే ఉందని డాక్టర్ ఎంత చెప్పినా అతనికి ఎక్కలేదు. ఇంటికెళ్ళాక అతని భార్య ఫుసాయె, అతన్ని అడక్కుండానే షియోజిరికి ఫోన్ చేసింది. మర్నాడు తొషిమి కొట్టు మూసి ఆసుపత్రికి వచ్చి, చెయ్యి చాపి నెత్తురిచ్చి, అన్నని చూడకుండానే వెళ్ళిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క విషయంలోనూ కలవని అన్నదమ్ములు డాక్టర్లు చూసే పొంతనలో అన్ని విధాలా కలిశారు.

"ఎక్కించాక కొన్నాళ్ళకి మీ రక్తం కూడా బి గ్రూపు అవుతుంది" అంది డాక్టర్ మియాసక.

ఆ మాటకి కునియో మంచం మీద లేచి కూర్చున్నాడు. "చావుకి సిద్ధపడ్డానమ్మా. దీనికి సిద్ధపడలేదు" అన్నాడు. అతను హాస్యానికి అనలేదు.

మూలకణాలు ఇచ్చేముందు తొషిమిని అన్న మంచం పక్కనే కూర్చోబెట్టి డాక్టర్ ప్రశ్నలు వేసింది. గుండె జబ్బు లేదు, చక్కెర లేదు.

"పడనివేమన్నా ఉన్నాయా?"

"సోబా" అన్నాడు తొషిమి. "చిన్నప్పటి నుంచీ. పిండి గాలి తగిలినా ఊపిరాడదు."

"పని పడదని చెప్పరా, డాక్టరమ్మకి సరిగ్గా అర్థమవుతుంది" అన్నాడు కునియో.

తొషిమి అన్న వైపు చూశాడు. "నాకు పడనిది సోబా ఒక్కటే అనుకునేవాణ్ణి అన్నయ్యా. ఇంకోటి కూడా ఉందని ఈ మంచం పక్కన కూర్చున్నాక తెలుస్తోంది."

డాక్టర్ ఇద్దరి మాటలకీ అడ్డం వచ్చింది. "మొమొసె గారూ, ఇది వినండి. ఇచ్చినవాళ్ళకి పడనివి ఒక్కోసారి పుచ్చుకున్నవాళ్ళకీ పడకుండా పోతాయి. అరుదే అనుకోండి. తరువాత సోబా జోలికి వెళ్ళేముందు నాకు చెప్పండి, పరీక్ష చేసి చూద్దాం."

"వాడికి లేని రోగం నాకెలా అంటుతుందమ్మా?" అన్నాడు కునియో. డాక్టర్ చెప్పిన జాగ్రత్తలన్నీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకున్న పద్ధతైన మనిషి, ఈ ఒక్కదాన్ని మాత్రం చెవిలోంచే తిప్పి పంపేశాడు.

తొషిమికి రోజూ ఇంజెక్షన్లిచ్చారు, మూలుగలోని మూలకణాలు నెత్తురులోకి పొంగి రావడానికి. నడుము, తొంటి ఎముకలు పగిలిపోతున్నట్టు నొప్పి. తరువాత ఒక పూటంతా రెండు చేతులకీ గొట్టాలు పెట్టి, నెత్తురు యంత్రంలోకి లాగి, కావలసినవి పట్టుకుని మిగతాది తిరిగి ఒంట్లోకి పంపారు. "ఎలా ఉన్నాడు?" అని కునియో భార్యని అడిగాడు. "నడుం నొప్పంటున్నాడు" అంది ఫుసాయె. "బి గ్రూపువాళ్ళు ఓర్చుకోలేరు" అన్నాడు. ఫుసాయె యాపిల్ కోస్తున్న చాకు ఆపి, భర్త ముఖంలోకి చూసి, కోసిన ముక్కలన్నీ తనే తినేసింది.

చివరికి అతనికి ఎక్కించింది చిన్న సంచెడు. పల్చటి టమాటా చారు రంగులో ఉంది. ఇంత ఆర్భాటం ఈ గరిటెడు చారు కోసమా అనుకున్నాడు. కానీ ఆ సంచిలో చుక్క చుక్కా తగ్గుతుంటే కళ్ళు తిప్పుకోలేకపోయాడు. భయమేసింది. పాత మూలుగని మందులతో ఊడ్చేశారు, వెనక్కి వెళ్ళడానికి దారి లేదు. చెవి పట్టుకుని లాగిన తమ్ముడి కణాలు దారి వెతుక్కుని తన ఎముకల్లో చేరి, ఇక్కడ ఉంటాం అనుకుంటేనే తను బతుకుతాడు. వాటికి తనని చూసి అలా అనాలనిపిస్తుందా అని అతనికి గట్టి అనుమానం.

నోరంతా పుళ్ళు పడ్డాయి, జుట్టు రాలింది, రెండు పళ్ళు కదిలి ఊడాయి. ఎవరినీ దగ్గరికి రానివ్వని గాజు గదిలో, డాక్టర్ వచ్చినప్పుడు తప్ప మాటల్లేవు.

"ఈ మూలకణాలతో ఇంకా ఏమేం చెయ్యొచ్చమ్మా?" అని ఒక రోజు అడిగాడు.

"మీకిచ్చినవి రక్తం వరకే. కానీ ఒంటి మీది మామూలు కణాన్ని వెనక్కి నడిపించి మళ్ళీ పచ్చి కణంగా మార్చే పద్ధతి మన దేశంలోనే పుట్టింది. దాంతో కంటి లోపలి పొర, గుండె కండ, నరాల కణాలు తయారుచేసి రోగులకి పెట్టి చూస్తున్నారు. కొన్నిట్లో ఆశ కనిపిస్తోంది. అన్నీ అవుతాయని మాత్రం నేను మాటివ్వను."

"బుద్ధి పెరగడానికి ఏమన్నా ఉందా?"

"అది ఇంకా ఎలుకల్లో కూడా మొదలవలేదు" అంది డాక్టర్ మియాసక.

కణాలు కుదురుకున్నాయి. ఒక ఉదయం డాక్టర్ మాస్కు వెనక కళ్ళు నవ్వుతుండగా వచ్చి, తెల్లకణాలు లేచాయని చెప్పింది. కునియో దుప్పటి ముఖం మీదికి లాక్కుని చాలాసేపు తియ్యలేదు.

ఇంటికి పంపిస్తూ ఒక షరతు పెట్టారు. పిండిలో, పాత చెక్కల్లో బూజు ఉంటుంది కాబట్టి ఏడాదిపాటు కొట్టులో అడుగుపెట్టకూడదు. అందుకని కొట్టుకి ఎదురుగా, వీధికి అవతల ఉన్న మరదలి, అంటే ఫుసాయె చెల్లెలి, ఇంట్లో మకాం పెట్టాడు. కొట్టు ఫుసాయె నడిపింది. అద్దం వెనక నిలబడి ఆవిడ పిండి పిసుకుతుంటే కునియో అరుగు మీద మాస్కు వేసుకుని కూర్చుని చూసేవాడు. తను లేకపోతే కొట్టు మూతపడుతుందని నమ్మిన మనిషి. మూతపడలేదు. సోబా రుచి మారిందని ఒక్కడైనా అంటాడేమోనని, తిని బయటికొచ్చేవాళ్ళని ఆపి మరీ అడిగేవాడు.

"ఏమండీ, ఎలా ఉంది?"

"ఎప్పటిలాగే బాగుంది కునియో గారూ" అనేవాళ్ళు. అతను ఆశించిన పరామర్శ అది కాదు.

తను మాత్రం తినలేదు. మళ్ళీ తన చేత్తో చేసుకున్నాకే సోబా ముడతానని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు అతన్ని ఏడాదిపాటు కాపాడిందని అప్పటికి తెలియదు.

కొన్ని నెలలకి నెత్తురు నిజంగానే బి అయింది. పాత నెత్తురుతో పాటు చిన్నప్పుడు వేయించుకున్న టీకాల బలమూ పోయింది కాబట్టి, అమ్మల ఒళ్ళో కూర్చున్న పసివాళ్ళ వరసలో కూర్చుని మళ్ళీ కోరింతదగ్గుకీ ధనుర్వాతానికీ సూదులు వేయించుకున్నాడు. ఏడవనందుకు నర్సు చొక్కాకి కుందేలు బొమ్మ అంటించింది. ఆ బొమ్మతోనే వీధంతా తిరిగాడు.

తాగిన కప్పు అక్కడే వదిలేసి, "నేనేం చెయ్యను, నెత్తురు అలాంటిది" అనడం నేర్చుకున్నాడు.

"నెత్తురు మారిందిగానీ చేతులు పాతవేగా, కడగండి" అనేది ఫుసాయె.

రోజూ తినడానికి వచ్చే తపాలా ఉద్యోగి ఒకాయన కొట్టు గుమ్మంలోంచి కేకేసేవాడు. "కునియో గారూ, బూట్లు వంకరగా విడిచాను. ఏమన్నా అనిపిస్తోందా?"

"అనిపిస్తోందయ్యా. కానీ అనిపించేది నాకా, మా తమ్ముడికా అని తేల్చుకుంటున్నాను."

ఇలా తన మీద తను నవ్వుకుంటూనే, తమ్ముడికి మాత్రం ఫోన్ చెయ్యలేదు. చెయ్యాలని తీసేవాడు, ఏం చెప్పాలో తెలియక పెట్టేసేవాడు. ప్రాణం పోసినవాడికి థాంక్స్ చెప్పడానికి ఆ నోటికి అలవాటు లేదు. డాక్టర్ మియాసక ఒకసారి పరీక్షల తరువాత చిత్రమైన సంగతొకటి చెప్పింది.

"మీరు ఏ గ్రూపుగా ఉన్నన్నాళ్ళూ మీ నెత్తురులో, బి గ్రూపు కనిపిస్తే విరుచుకుపడే పదార్థం ఒకటుండేది. ఏ గ్రూపువాళ్ళందరికీ ఉంటుంది. అలాగే పుట్టుకతో బి అయినవాళ్ళకి 'ఏ' గ్రూపు మీద పడేది ఉంటుంది. మీలో మొదటిది పోయింది. రెండోది పుట్టలేదు. మీ మిగతా ఒళ్ళంతా ఏ గ్రూపే కాబట్టి, కొత్త నెత్తురు దానితో సర్దుకుపోయింది."

"అయితే నాకిప్పుడు ఎవరి మీదా పగ లేదంటారు."

"నెత్తురులో లేదంటున్నాను. మిగతాది మీరు చూసుకోవాలి."

డిసెంబరు వచ్చింది. ఏడాది చివరి రోజున సోబా తినకుండా ఆ దేశంలో ఎవరూ కొత్త సంవత్సరంలోకి అడుగుపెట్టరు. ఆ రోజు కొట్టు ముందు వరస కందకం దాకా వెళ్తుంది. ఆ వరస చూస్తుండగా అద్దం వెనక నిలబడాలని కునియో ఏడాదిగా దిండు పిసికి చేతులు సాధన చేశాడు. అతను బతికింది అందుకే. అద్దం వెనక నిలబడని కునియో ఎవరో అతనికే తెలియదు. బూజు గడువు తీరింది, వెళ్ళొచ్చు అంది డాక్టర్. ఆవిడకి సోబా సంగతి గుర్తుచెయ్యాలని కునియోకి తోచలేదు. అది తమ్ముడి వేషమే గాని జబ్బు కాదు కదా.

నెల చివరి వారంలో ఒక పొద్దున, తెల్ల బట్టలు కట్టి, తలకి గుడ్డ చుట్టి పిండి గదిలోకి వెళ్ళాడు. ఫుసాయె కొత్త పంట పిండి బస్తా విప్పింది. లక్క పూసిన పెద్ద పళ్ళెంలో పిండి పోసి, నీళ్ళు చిలకరించి, వేళ్ళతో తిప్పాడు. వేళ్ళు ఏదీ మరచిపోలేదు. వీధిలో ఇద్దరు ఆగి చూస్తున్నారు. తల ఎత్తలేదు.

ముక్కు దురద పెట్టింది. తుమ్మాడు.

"చలి" అన్నాడు.

మళ్ళీ తుమ్మాడు, ఆగకుండా తుమ్మాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. మోచేతుల దాకా ఎర్రటి దద్దుర్లు లేచాయి. ఆపమని ఫుసాయె అంటున్నా పిసుకుతూనే ఉన్నాడు, వీధిలోవాళ్ళు చూస్తున్నారు మరి. గొంతు బిగుసుకుంది. ఊపిరి తీస్తుంటే సన్నగా ఈల వినిపించింది. ఫుసాయె అతని నడుం పట్టుకుని, కాలు తగిలి పళ్ళెం బోర్లాపడుతున్నా చూడకుండా వెనక గుమ్మంలోంచి మంచులోకి లాక్కెళ్ళి అంబులెన్సుకి ఫోన్ చేసింది.

ఆసుపత్రికి వెళ్తూ, ముక్కుకి ఆక్సిజన్ పెట్టించుకుని పడుకుని ఆ ఈల వింటున్నాడు. అది అతనికి తెలిసిన ఈలే. చిన్నప్పుడు పక్క పరుపు మీద తమ్ముడు పడుకుని చేసిన చప్పుడు. "నిద్ర పట్టనివ్వవా, ఈల ఆపరా" అని దుప్పట్లోంచి తన్నిన కాలు తనదే.

"తమ్ముడి నుంచి వచ్చిందే" అంది డాక్టర్ మియాసక, పరీక్ష చేశాక. "ఇక సోబా ముట్టకూడదు, పిండి గాలి పీల్చకూడదు. ఉడికే ఆవిరి కూడా వద్దు. ఈ ఇంజెక్షన్ ఎప్పుడూ జేబులో ఉండాలి. నేను ముందే చెప్పానుగా."

"చెప్పారమ్మా" అన్నాడు కునియో. "వాడూ చెప్పాడు. యాభై ఏళ్ళ నుంచి చెప్తున్నాడు."

ఆ రోజు ఏడ్చాడు. కొట్టు పోయినందుకు ఎంత, ఆ ఈలకి ఎంత అని విడదీయడం అతనికి చేతకాలేదు.

ఏడాది చివరి రోజున మంచు పడుతోంది. మరదలు కూడా సాయానికి వెళ్ళడంతో ఇంట్లో ఒక్కడే మిగిలాడు. కొట్టు ముందు వరస కందకం దాటింది. చూస్తూ ఊరుకోలేక, మాస్కు బిగించుకుని, వీధి దాటి కొట్టు వెనక్కి వెళ్ళాడు. లోపలికి వెళ్ళకూడదు. కనీసం పళ్ళేల చప్పుడు వినాలి. వంటగది కిటికీలోంచి సోబా ఉడికే ఆవిరి పొర్లి వచ్చింది. అతను దగ్గుతూ పక్కకి జరిగాడు. ఆవిరి అక్కడికీ వచ్చింది. బావి దగ్గరికి పోయాడు, అక్కడికీ వచ్చింది. తన కొట్టు వెనక, తనకి నిలబడడానికి చోటు లేదు.

"అక్కడ కాదన్నయ్యా."

తొషిమి. చేతిలో గుడ్డ చుట్టిన గిన్నె. ఆ రోజు జిల్లాలో ఉదోన్ తినేవాడు ఉండడు కాబట్టి కొట్టు కట్టేసి వచ్చాడు. అతనికీ మాస్కు ఉంది. దగ్గరికొచ్చి అన్న చెవి వైపు చెయ్యి చాపాడు. కునియో తెలియకుండానే మెడ ముడుచుకున్నాడు. తొషిమి ఊడిపోయిన మాస్కు తాడు అన్న చెవికి తగిలించి, భుజం పట్టుకుని కట్టెల కొట్టం మూలకి నడిపించాడు.

"ఇక్కడ నిలబడు. కొండ గాలి ఇటు నుంచి కొడుతుంది, ఆవిరి అటు పోతుంది. మంచు మాత్రం కాస్త పడుతుంది."

నిజమే, ఊపిరి ఆడింది. కొట్టం గోడకి ఒక చోట చెక్క నున్నగా అరిగి ఉంది. పిల్లవాడి భుజమంత ఎత్తులో.

తొషిమి గిన్నె విప్పి, తెల్లటి ఉదోన్ చిన్న గిన్నెలో పోసి ఇచ్చాడు. కునియో మాస్కు కిందికి లాగి తిన్నాడు. పళ్ళు లేని పక్కన కూడా మెత్తగా నలిగింది.

"పళ్ళు రాలినవాళ్ళ తిండే" అన్నాడు.

"ఎలా ఉంది?"

"బాగుందిరా." ఆ ముక్క అనడానికి గొంతు సవరించుకోవలసి వచ్చింది.   లోపల ఎవరో సోబా ఇంకో పళ్ళెం అడిగారు, ఫుసాయె వస్తున్నానంది.

"అప్పట్లో ఎంతసేపు నిలబడేవాడివిరా ఇక్కడ?"

తొషిమి గిన్నెలో మిగిలిన పులుసు అన్నకి వంచాడు. "నువ్వొచ్చి చెవి పట్టుకునేదాకా" అన్నాడు, మామూలుగా.

 కునియో మంచు పడే వైపుకి తను జరిగి, గోడ వారన తమ్ముడికి చోటిచ్చాడు.